తలకు దెబ్బ తగిలినప్పుడు సమయం ఎక్కడ పోతోంది? మీ అనుభవాలు రాయండి

కృష్ణాతీరం:
మా బావ పోయిన ఏడాది సాయంత్రం ఆరున్నరకు బైకు మీద నుంచి పడ్డారు. హెల్మెట్ లేదు. లేచి కూర్చుని నీళ్లు తాగారు, పేరు అడిగితే చెప్పారు. దగ్గర్లోని క్లినిక్‌లో నాలుగు కుట్లు వేసి పంపించారు. ఎనిమిదింటికి వాంతి, తొమ్మిదింటికి మళ్లీ వాంతి. తర్వాత గురక పెట్టి నిద్రపోయారు. అలసిపోయారులే అనుకున్నాం. పదకొండింటికి అక్క ఎంత తట్టినా లేవలేదు.

అప్పుడు మొదలైంది తిరుగుడు. మొదటి ఆసుపత్రిలో స్కాన్ యంత్రం ఉంది, రాత్రిపూట తీసే మనిషి లేడు. రెండో చోట స్కాన్ తీసి, రక్తం గడ్డ కట్టింది, ఆపరేషన్ చేసే డాక్టరు మా దగ్గర లేరన్నారు. బిల్లు కట్టేదాకా ఫిల్ము చేతికి ఇవ్వలేదు. అక్కడి నుంచి హైదరాబాద్‌కు మూడు గంటల దారి. ఆపరేషన్ అయ్యేసరికి తెల్లవారింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి సరిగా లేవదు, మాటలు వెతుక్కుంటారు. ఎక్కడ పొరపాటు చేశామో తెలుసుకోవాలని అడుగుతున్నాను.

క్యాజువాల్టీ నర్సు:
ముందుగా ఒక మాట. స్పృహలో ఉండి మాట్లాడిన మనిషి గంటల తర్వాత పడిపోవడం మేము చాలాసార్లు చూశాం. పుర్రె ఎముక పగిలినచోట రక్తనాళం తెగితే, ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతూ ఉంటుంది. చోటు ఉన్నంతసేపు మనిషి మామూలుగానే ఉంటాడు. చోటు నిండాక మెదడు నలిగిపోతుంది. పదే పదే వాంతులు, పెరిగే తలనొప్పి, తికమక మాటలు, ఒక కంటి పాప పెద్దదవడం, ఒక పక్క చెయ్యి కాలు బలహీనపడటం, ఫిట్స్: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా స్కాన్ ఉన్న చోటికి వెళ్లాలి. తట్టినా లేవని మనిషి గురక నిద్ర కాదు. నాలుక వెనక్కి జారి ఊపిరి దారి మూసుకుపోతోందని అర్థం.

108లో పదకొండేళ్లు:
2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 మొదలైంది. నేను తర్వాత చేరాను. నా అనుభవంలో దారిలో కంటే ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్యే ఎక్కువ సమయం పోయింది. బంధువులు ఆటోలో దగ్గర్లో ఏది కనిపిస్తే అక్కడికి తీసుకెళతారు. అక్కడ గంట, మరోచోట గంట. బయల్దేరేముందే ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: స్కాన్ ఇప్పుడు తీస్తారా, న్యూరోసర్జన్ (తల ఆపరేషన్ చేసే డాక్టరు) వస్తారా, వెంటిలేటర్ బెడ్ ఖాళీగా ఉందా?

ఖమ్మం టీచరు:
అంటే దగ్గరి ఆసుపత్రిని వదిలేసి నేరుగా పెద్ద ఊరికి వెళ్లమంటారా? మా సహోద్యోగిని అలాగే తీసుకెళ్లారు. దారిలోనే ఊపిరి ఆగిపోయింది.

108లో పదకొండేళ్లు:
మీరు అడిగింది న్యాయమే, నేను సగమే రాశాను. ఊపిరి సరిగా ఆడకపోయినా, రక్తం బాగా కారుతున్నా దగ్గరి ఆసుపత్రిలో ఆగాల్సిందే. గొంతులో గొట్టం వేసి, బీపీ నిలబెట్టి పంపాలి. ఆక్సిజన్ తగ్గినా, బీపీ పడిపోయినా దెబ్బతిన్న మెదడు ఇంకా దెబ్బతింటుంది. మేము స్పృహను 15 (పూర్తి మెలకువ) నుంచి 3 (అసలు స్పందన లేకపోవడం) వరకు లెక్కిస్తాం. 8 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఊపిరి దారిని కాపాడటమే మొదటి పని.

విశాఖ కోడలు:
మా అత్తగారికి గుండె జబ్బు, రక్తం పలచబడే మాత్రలు వాడేవారు. స్నానాల గదిలో జారితే చిన్న బొప్పి కట్టింది, అంతే. మూడు వారాల తర్వాత మాట తడబడితే వయసు మీద పడిందనుకున్నాం. నడక తూలాక స్కాన్ తీయిస్తే లోపల పాత రక్తం. ఆ మాత్రలు వాడేవాళ్ల విషయంలో బొప్పిని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

క్యాజువాల్టీ నర్సు:
పోలీసులు వచ్చేదాకా ముట్టుకోబోమని ఆసుపత్రిలో ఎవరైనా అంటే వినకండి. ముందు చికిత్స, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. దారిన పోతూ క్షతగాత్రుణ్ని చేర్చినవాళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 2025 నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు రహిత చికిత్స పథకం కూడా ఉంది. కౌంటర్ దగ్గర గట్టిగా అడగండి.

కృష్ణాతీరం:
గురక గురించి రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఆ రాత్రి ఆ గురక విని, హాయిగా నిద్రపోతున్నారు లేపకండి అని అక్కతో చెప్పింది నేనే.

రేపు మా చుట్టుపక్కల ఆసుపత్రులన్నిటికీ ఫోన్ చేసి, రాత్రి స్కాన్ ఎక్కడ తీస్తారో, తల ఆపరేషన్ చేసే డాక్టరు ఎక్కడ ఉంటారో కనుక్కుని ఇక్కడ పెడతాను. మీ ఊళ్లవి మీరు రాయండి.