నల్లా వచ్చే రోజున, వాన పడిన రోజున పొంగే మ్యాన్‌హోల్: లోపం ఎక్కడ వెతకాలి?

సందేహం (కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, అంబర్‌పేట)

మా గల్లీ చివర, మెయిన్ రోడ్డులో కలిసే చోట ఉన్న మ్యాన్‌హోల్ నల్లా వచ్చే రోజు ఉదయం పొంగుతుంది. గట్టి వాన కురిస్తే ఏ వేళనైనా పొంగుతుంది. జలమండలి (హైదరాబాద్ నీటి సరఫరా, మురుగు పారుదల బోర్డు) ఫిర్యాదుల నంబరు 155313కు ఫోన్ చేసిన ప్రతిసారీ సిబ్బంది యంత్రంతో వచ్చి శుభ్రం చేస్తున్నారు గానీ, కొద్ది వారాలకే పరిస్థితి మళ్లీ మొదటికి వస్తోంది. పల్లంలో ఉన్న రెండిళ్లలో స్నానాల గదిలోకే మురుగు ఎగదన్నుతోంది. పెద్ద పైపు వేయమని అర్జీ పెట్టడమొక్కటే మార్గమా, ముందుగా మేము చూసుకోవలసినది ఏమైనా ఉందా?

సమాధానం (డ్రైనేజీ పనుల్లో ఇంజనీరుగా చేసి విరమణ పొందిన సభ్యుడు)

అర్జీ తప్పక పెట్టండి. అయితే కారణం తేల్చుకోకుండా పెడితే పెద్ద పైపు వేసినా అదీ పూడుకుపోతుంది. పైపు పూర్తిగా మూసుకుపోయి ఉంటే వేళాపాళా లేకుండా పొంగేది. నల్లా వచ్చిన పూట మాత్రమే పొంగుతోందంటే లోపలి దారి ఇరుకైందని, అందరూ ఒకేసారి బట్టలు, అంట్లు వేసుకున్నప్పుడు వచ్చే నీటిని అది మోయలేకపోతోందని అర్థం. వానకు పొంగడానికి మరో కారణం కూడా తోడై ఉంటుంది.

ఈసారి యంత్రం వచ్చినప్పుడు, పని మొదలుపెట్టకముందే, దిగువనున్న మ్యాన్‌హోల్ మూత కూడా తీసి చూడమని సిబ్బందిని అడగండి. అందులో నీరు అడుగున పలచగా పారుతుంటే అడ్డు ఈ రెంటి మధ్యనే ఉన్నట్టు. అదీ నిండుగా ఉంటే తప్పు మీ గల్లీది కాదు, మెయిన్ లైనుది. మూతలు మాత్రం మీరు తీయకండి.

బయటికి తీసినదేమిటో దగ్గరుండి చూడండి. ఇసుక, కంకర ఎక్కువగా ఉంటే ఎవరో ఇంటి పని చేయిస్తూ సిమెంటు గమేళాలు మోరీలో కడుగుతున్నారు, లేదా పైపు పగిలి చుట్టూ ఉన్న మట్టి లోపలికి జారుతోంది. రెండోదైతే పైన రోడ్డు కుంగుతుంది. జడల్లాంటి వేళ్లు వస్తే పాత పైపుల అతుకుల్లోంచి చెట్టు దూరినట్టు.

కార్యదర్శి

మొన్న తీసినప్పుడు చూశాము. తెల్లటి మైనంలాంటి ముద్దలు, వాటిలో కరివేపాకు రెబ్బలు, షాంపూ ప్యాకెట్లు ఉన్నాయి. మూలన ఒక టిఫిన్ సెంటరు, ఒక కర్రీ పాయింటు నడుస్తున్నాయి.

అదే ఇంజనీరు

అయితే వెతకడం సగం అయిపోయింది. వేడినీటితో కడిగిన నూనె పైపులోకి ద్రవంగానే వెళ్లి, చల్లారాక గోడలకు అట్ట కడుతుంది; అన్నం మెతుకులు, వెంట్రుకలు దానికే అంటుకుంటాయి. ఆ ముద్దలను యంత్రంతో నెట్టేస్తే దిగువ లైనులో మళ్లీ పేరుకుంటాయి కాబట్టి, పైకి తీసి తరలించమని కోరండి. హోటళ్ల వంటివి సిల్ట్ ఛాంబర్ (మట్టి, చెత్త అడుగున ఆగిపోయే తొట్టి) కట్టుకోవాలని జలమండలి చెబుతూనే ఉంది. దానితోపాటు నూనె పైకి తేలి ఆగిపోయే గ్రీజు తొట్టి కూడా ఆ రెండు దుకాణాలకూ ఉండాలి. అందులోని తెట్టును క్రమం తప్పక తీయకపోతే అది ఉన్నా లేనట్టే. యజమానులతో తగవుకు దిగేకంటే ఆ ముద్దల ఫొటో చూపించి మాట్లాడండి.

మరో సభ్యుడు (ప్లంబింగ్ కాంట్రాక్టరు, మల్కాజిగిరి)

వాన సంగతి నేను చెబుతాను. మన దగ్గర చాలా ఇళ్లలో డాబా మీది వాన పైపును డ్రైనేజీ ఛాంబర్‌లోనే కలిపేస్తారు. 200 గజాల డాబా మీద 1 సెంటీమీటరు వాన పడితే సుమారు 1,670 లీటర్ల నీరు. మనిషికి రోజుకు 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగు అన్న లెక్కన అయిదుగురున్న ఇల్లు రోజంతా వదిలేది 540 లీటర్లే. అంటే మూడు రోజుల మురుగుకు సమానమైన నీరు ఒక్క జల్లులో పైపు మీద పడుతుంది. ఇల్లిల్లూ తిరిగి ఆ కలయికలు తీయించి, వాన నీటిని ఇంకుడు గుంతకో, వరద కాలువకో మళ్లించండి.

పల్లపు ఇళ్ల ఛాంబర్లలో ఎదురు మురుగును ఆపే నాన్ రిటర్న్ వాల్వు పెట్టవచ్చు. బయట లైను నిండినంతసేపూ ఇంట్లో నీరు కూడా బయటికి పోదు కనుక, ఆ సమయంలో నల్లాలు కట్టేసుకోవాలి.

ఇంకొక సభ్యురాలు

తొందరలో ఎవరినో కూలికి పిలిచి మ్యాన్‌హోల్‌లోకి దింపే ఆలోచన దయచేసి చేయకండి. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముందు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం మాన్యువల్ స్కావెంజింగ్‌ను (మనుషులతో మలమూత్రాలు ఎత్తించడాన్ని) నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. వానలో నీరు దిగడానికి మూత తీసి ఉంచడమూ అంతే ప్రమాదం. మునిగిన రోడ్డు మీద నడిచేవారికి ఆ గొయ్యి కనపడదు.

కార్యదర్శి

ధన్యవాదాలు. ఆదివారం సంఘం సమావేశంలో వాన పైపుల జాబితా రాయడం మొదలుపెడతాము. అర్జీలో క్యాన్ నంబరు (నల్లా బిల్లు మీద ఉండే వినియోగదారు ఖాతా సంఖ్య), పొంగిన తేదీలు, వేళలు, దిగువ మ్యాన్‌హోల్‌లో నీటి మట్టం రాసి, ఫొటోలు జతచేస్తాము.