ఇంట్లో వడ్రంగం షెడ్డుకు షట్టరా, రెండు రెక్కల తలుపా?

కొయ్యపిచ్చి, కాకినాడ
ఇంటి పక్కన కారు పెట్టుకునే చోటే గోడలు లేపి వడ్రంగం షెడ్డు చేసుకుంటున్నాను. లోపల 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. గోడలు అయ్యాయి, పైన రేకులు పడ్డాయి. ముందు వైపు 8 అడుగుల ఖాళీ వదిలాను. మేస్త్రి రోలింగ్ షట్టర్ వేసేయమంటున్నాడు, ఒక్క రోజు పనేనట. నాకేమో రెండు రెక్కల తలుపు సొంతంగా చేసుకోవాలని ఉంది. వడ్రంగం చేసేవాడు రేకు షట్టర్ వేయించుకుంటే చూసినవాళ్లు నవ్వరూ? లోపల ఒక టేబుల్ సా (బల్లకు బిగించిన రంపం), ఒక ప్లేనర్ (చిత్రిక పట్టే మెషీను), ఒక బెంచీ. పక్కింటి గోడ 10 అడుగుల దూరంలో ఉంది. ఏది మేలో కారణంతో సహా చెప్పండి.

చిత్రిక బాబాయి, రాజమండ్రి
రెండు రెక్కలే, ఇందులో ఆలోచించడానికేముంది! షట్టర్ అంటే కిందనుంచి జల్లు, పైన డ్రమ్ము పక్కనుంచి పిచ్చుకలు, రెండు పక్కలా షట్టర్ జారే చానెల్‌లోంచి తేమ గాలి. మీ ఊరి సముద్రపు గాలికి టేబుల్ సా ఇనప బల్ల మీద తుప్పు తేలడానికి ఒక్క వాన రాత్రి చాలు. ఇంకోటి, షట్టర్ చానెల్‌కి గ్రీజు పూస్తారు కదా. దాని మీద రంపపు పొట్టు పడితే రెండూ కలిసి ముద్దై గట్టిపడతాయి. కొన్నాళ్లకు షట్టర్ ఒక పక్క ఎక్కి, ఇంకో పక్క ఎక్కక, వంకరగా ఇరుక్కుంటుంది. బట్టల కొట్టుకి ఆ బాధ లేదు, మనకి ఉంది.

షట్టర్ పనోడు, గుంటూరు
బాబాయి గారూ, అది గ్రీజు పూసినవాడి తప్పు, షట్టర్‌ది కాదు. పొట్టు రేగే చోట చానెల్‌కి కొవ్వొత్తి మైనం రుద్దాలి, లేదంటే పొడిగా ఆరిపోయే సిలికాన్ స్ప్రే కొట్టాలి. రెక్కలు రెక్కలు అనేవాళ్లు స్థలం సంగతి ఎత్తరు. 8 అడుగుల ఖాళీకి ఒక్కో రెక్క 4 అడుగులు. బయటికి తెరవాలంటే ముందున్న 4 అడుగులూ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. స్కూటర్ పెట్టకూడదు, పూలకుండీ పెట్టకూడదు. లోపలికి తెరిచారా, షెడ్డులో అంత జాగా పోయినట్టే. షట్టర్ తినేది పైన అడుగు, అడుగున్నర, అంతే. గాలి కావాలంటే చిల్లుల పట్టీలతో కూడా వస్తుంది. నవ్వేవాళ్ల సంగతంటారా, వాళ్లు మీ షెడ్డులో పని చేయరు.

డల్లాస్ గ్యారేజి
ఇక్కడ మా గ్యారేజీలకు ముక్కలు ముక్కలుగా మడిచి సీలింగ్ కిందకు వెళ్లే తలుపులు. రెండు కార్లదైతే 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు. చూడ్డానికి బాగుంటుంది. కానీ తలుపు ఎత్తగానే సీలింగ్‌లో సగం దాని కిందే పోతుంది. అక్కడ లైటు పెట్టలేను, పొట్టు లాగే డస్ట్ పైపు వేలాడదీయలేను. మోటారుతో నడిచే తలుపులకు 1993 నుంచి ఇక్కడ భద్రతా ఏర్పాటు తప్పనిసరి, దానికోసం కింద రెండు పక్కలా చిన్న సెన్సార్ కళ్లు ఉంటాయి. వాటి మీద పొట్టు పేరుకుంటే తలుపు సగం దిగి మళ్లీ పైకి వెళ్లిపోతుంది. రాత్రి పని ముగించాక ముందు వాటిని తుడిచి, తర్వాత తలుపు మూయాలి. నన్నడిగితే పక్కకు తెరుచుకునే తలుపే హాయి.

మియాపూర్ మీటరు
శబ్దం గురించి ఎవరూ మాట్లాడలేదు. పక్కింటి గోడ 10 అడుగులంటే అదే అసలు సమస్య. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. ప్లేనర్ దగ్గర నిలబడితే 90 దాటుతుంది. గోడ ఎంత మందంగా కట్టినా, అందులో 1 శాతం సందు ఉంటే చాలు, తగ్గే శబ్దం సుమారు 20 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. షట్టర్‌కి సందులు తప్పవు. పైగా పలచటి రేకు, తనూ అదురుతుంది. బరువైన రెక్కలు, చుట్టూ రబ్బరు పట్టీ, రెండు రెక్కలు కలిసే చోట ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పట్టీ. వేరే దారి లేదు.

బెజవాడ ఎండ
మీటరు గారూ, లెక్క బాగుంది. మే నెలలో తలుపులన్నీ బిగించుకుని, రేకుల కింద నిలబడి ప్లేనర్ నడిపే మనిషిని ఒక్కణ్ణి చూపించండి. తలుపు తెరిచాక రబ్బరు పట్టీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మన ఊళ్లలో తలుపు రాత్రి దొంగల కోసం, వానాకాలం జల్లు కోసం. పగలు అది తెరిచే ఉంటుంది. పొట్టు సంగతీ చూడండి. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో ఉంది, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెప్పింది. అంత బిగించిన గదిలో ఎక్జాస్ట్ ఫ్యాన్ పెట్టినా, లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే అది ఉత్తినే తిరుగుతుంది. తలుపుకి ఎదురు గోడలో కిటికీ ఉందా లేదా, ముందు అది చెప్పండి.

మియాపూర్ మీటరు
ఎండాకాలం ఒప్పుకుంటాను. కానీ ప్లేనర్ రోజంతా నడవదు కదా. ఆ పావుగంట మూసుకుని, మిగతా పని తెరుచుకుని చేసుకోవచ్చు. మూసినా శబ్దం ఆపని తలుపు పెట్టుకుంటే ఆ పావుగంట కూడా మీ చేతిలో ఉండదు. పక్కింటివాళ్లు మొహం చాటేయడం మొదలయ్యాక రబ్బరు పట్టీ కొని లాభం లేదు.

కొత్తపేట కొయ్య
అందరూ తలుపు గురించే మాట్లాడుతున్నారు, రంపం ఎక్కడ నిలబడుతుందో ఎవరూ అడగలేదు. 8 బై 4 ప్లైవుడ్ షీటుని పొడవునా కోయాలంటే బ్లేడుకి ముందు 8 అడుగులు, వెనక 8 అడుగులు కావాలి. మీరు నిలబడే చోటు కూడా కలుపుకోండి. 18 అడుగుల షెడ్డు అక్కడికే సరి, బెంచీకి చోటు లేదు. అదే టేబుల్ సా తలుపుకి ఎదురుగా పెడితే, కోసిన షీటు గుమ్మంలోంచి బయటికి వెళ్తుంది, షెడ్డు పొడవు పెరిగినట్టే.

ఇంకోటి. షీటు లోపలికి తేవడానికి 8 అడుగుల ఖాళీ కావాలని చాలామంది అనుకుంటారు. 18 మిల్లీమీటర్ల షీటు 30 కిలోలు ఉంటుంది, దాన్ని ఎవరూ పళ్లెంలా పడుకోబెట్టి మోయరు. నిలువుగా పట్టుకుని తెస్తారు. దానికి 3 అడుగుల గుమ్మం చాలు, బయట మలుపు తిరగడానికి చోటుంటే. వెడల్పు కావాల్సింది తయారైన బీరువా బయటికి పోవడానికి, కోసిన షీటు బయటికి సాగడానికి. అందుకే రెక్కలు సమానంగా ఎందుకు? ఒకటి 3 అడుగులు, ఒకటి 5. రోజూ చిన్నది. పెద్దది పైనా కిందా గడియ వేసి ఉంచండి, అవసరమైన రోజు తెరవండి. 5 అడుగుల రెక్క సరిగ్గా రంపానికి ఎదురుగా రావాలి.

షట్టర్ పనోడు, గుంటూరు
5 అడుగుల రెక్క, 7 అడుగుల ఎత్తు, టేకుతో! ఎంత బరువో తెలుసా? ఏడాదికి కింద మూల నేలకు రాసుకుంటుంది. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు.

చిత్రిక బాబాయి, రాజమండ్రి
రాసుకునేది చెక్క వల్ల కాదు తమ్ముడూ, రెక్క వెనక మూల నుంచి మూలకు కొట్టే ఏటవాలు పట్టీ తిరగేసి కొట్టడం వల్ల. వీధిలో తలుపులు చూడండి, సగం అలాగే ఉంటాయి. పట్టీ కింద కొస బందుల వైపు ఉండాలి, పై కొస గడియ వైపుకి వెళ్లాలి. అప్పుడు రెక్క బరువు పట్టీని నొక్కుతూ కింది బందు మీదకు దిగుతుంది. తిరగేస్తే బరువంతా మేకుల్ని లాగుతుంది, మేకు ఎంతకాలం ఆగుతుంది? పలకల్ని కూడా జిగురుతో ఏకంగా అతికించొద్దు. వేసవికీ వానకీ చెక్క ఆడుతుంది. 4 అడుగుల వెడల్పు మొత్తం అతికించిన టేకు అర అంగుళం దాకా అటూ ఇటూ అవుతుంది. పలక పక్కన పలక గాడిలో కూర్చోబెట్టి, జిగురు లేకుండా వెనక పట్టీలకు బిగిస్తే, ఆ ఆట ఒక్కో సందులో కొంచెం కొంచెం పోతుంది, తలుపు గుమ్మంలో బిగుసుకోదు.

కొత్తపేట కొయ్య
5 అడుగుల రెక్క విషయంలో షట్టర్ అన్న మాటలో నిజముంది. అంత వెడల్పుకి నేనైతే చెక్క ఫ్రేము వేయను. ఇనప చదరపు పైపుతో ఫ్రేము, మధ్యలో శబ్దం ఆపే రాక్ ఊల్ (రాతి పీచు), బయట నీటికి ఆగే ఐఎస్ 710 మెరైన్ ప్లై, లోపల మామూలు ప్లై. చూడ్డానికి చెక్కలా ఉంటుంది, బాబాయి గారి మనసూ నొప్పి పడదు. మూడు బందులు, ఫ్రేముకే వెల్డింగ్.

చిత్రిక బాబాయి, రాజమండ్రి
నొప్పి పడుతుంది. ఇనపదైతే షట్టర్ వేసుకున్నట్టే.

బెజవాడ ఎండ
బయటికి తెరిచే తలుపు అన్నప్పుడు బందుల పుల్లలు బయటే కనిపిస్తాయి. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి పుల్ల ఊడగొట్టి రెక్క ఎత్తేయొచ్చు. పుల్ల తలకి చిన్న వెల్డింగ్ చుక్క పెట్టించండి. గడప కూడా వద్దు, చక్రాల మీద ఉన్న మెషీను దాటదు. లోపలి నేల బయటికన్నా ఒక అంగుళం ఎత్తు పోయించి, రెక్కని ఆ అంచు కంటే కిందకు దింపండి. తలుపు మీద జారిన నీరు బయటే పడుతుంది. పైన రెండున్నర అడుగుల సజ్జ తప్పనిసరి.

కొయ్యపిచ్చి, కాకినాడ
ఎదురు గోడలో కిటికీ లేదు, వెంటిలేటర్ మాత్రమే ఉంది. ఇవాళే మేస్త్రికి చెప్పి కొట్టిస్తాను. టేబుల్ సా పక్క గోడ వైపు తిప్పి ఉంది, దాన్ని గుమ్మానికి ఎదురు పెట్టి చూశాను, కుదురుతోంది. 3, 5 రెక్కలు అనుకుంటున్నాను. చిన్నది టేకుతో నేనే చేస్తాను, పెద్దది పైపు ఫ్రేముతో. వాస్తు చూసే మామయ్య సమానంగా లేని రెక్కలకు ఏమంటారో మరి. ఒక్క అనుమానం. తుపాను గాలికి ఇవి ఆగుతాయా?

షట్టర్ పనోడు, గుంటూరు
ఇది మాత్రం నా వృత్తికి వ్యతిరేకంగా చెప్తున్నాను. వెడల్పాటి షట్టర్ పెద్ద గాలికి విల్లులా వంగి, పట్టీల కొసలు చానెల్‌లోంచి బయటికి వచ్చేస్తాయి. అందుకే సముద్రం ఒడ్డున ఆ కొసలు చానెల్‌ని వదలకుండా గాలి కొక్కేలు పెట్టిస్తాం. బయటికి తెరిచే రెక్కని ఎదురుగాలి ఫ్రేముకే నొక్కుతుంది, అది మంచిదే. వెనక నుంచి లాగే గాలి వచ్చినప్పుడే ప్రమాదం. పెద్ద రెక్కకి పైనా కిందా 16 మిల్లీమీటర్ల కడ్డీ గడియలు, కిందది కాంక్రీటులో నాలుగు అంగుళాలు దిగాలి. తెరిచి ఉంచినప్పుడు గోడకి కొక్కెం. అయినా 8 అడుగులకి నేను షట్టరే వేస్తాను, ఆ మాట వెనక్కి తీసుకోవట్లేదు.

చిత్రిక బాబాయి, రాజమండ్రి
కింది గడియ దిగే కన్నంలో పొట్టు నిండుతుంది. కన్నం కింద పైపు ముక్క పెట్టి మట్టిలోకి వదలండి, పొట్టూ నీళ్లూ కిందకు పోతాయి. చిన్న రెక్క చేసేటప్పుడు ఏటవాలు పట్టీ కొట్టకముందే ఫోటో పెట్టు బాబూ.