చీరాల బీచ్ రిసార్ట్‌కి పిల్లలతో వెళ్తే గేటు దాటాలా, వద్దా?

మియాపూర్ నాన్న:
సంక్రాంతి వెళ్లాక చీరాల దగ్గర రామాపురం బీచ్ పక్కన ఒక రిసార్ట్‌లో రెండు రాత్రులు బుక్ చేశాం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మా అమ్మానాన్న. టికెట్లు తీసిన రోజు నుంచి ఇంట్లో ఇదే వాదన. పూల్ ఉంది, భోజనం వాళ్లే పెడతారు, పిల్లలు ఆడుకోవడానికి లాన్ ఉంది, ఇక గేటు దాటే పనేముంది అంటుంది మా ఆవిడ. రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లి పూల్‌లో దిగడానికైతే మా అపార్ట్‌మెంట్ కింద ఉన్న పూల్ చాలదా అని నేను. పిల్లల్ని అసలు సముద్రంలో దింపాలా వద్దా అన్నది కూడా తేలలేదు. వెళ్లొచ్చినవాళ్లు, ఆ ప్రాంతం వాళ్లు చెప్పండి. ఎందుకో కూడా చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి:
నేను మీ ఆవిడ పక్షం. సెలవు ఎవరికండీ? ఏడాది పొడవునా టిఫిన్లు, క్యారేజీలు, స్కూల్ వ్యాన్ టైమ్, హోంవర్కు. ఎవరో వండి పెట్టి, ఎవరో గిన్నెలు తోమే రెండు రోజులు దొరికితే అందులోనూ పదింటికి ఈ గుడి, పన్నెండింటికి ఆ ఊరు అని ప్రోగ్రామ్ వేస్తారు. ఆ ప్రోగ్రామ్‌కి బ్యాగు సర్దేది ఎవరు, నీళ్ల సీసాలు నింపేది ఎవరు, కారులో బాబు వాంతి చేసుకుంటే బట్టలు మార్చేది ఎవరు? తిరగాలని సరదా పడేది ఒకరు, ఆ సరదాకి చాకిరీ చేసేది ఇంకొకరు. మా ఇంట్లోనే కాదు, నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఇదే తంతు.

ఇక సముద్రం సంగతి. సూర్యలంక, రామాపురం, వాడరేవు వైపు సరదాగా స్నానానికి వెళ్లిన కుర్రాళ్లు కొట్టుకుపోయారన్న వార్తలు చదువుతూనే ఉన్నాం. పోలీసులు బీచ్‌లోకి ఎవరినీ వెళ్లనివ్వని రోజులూ ఉన్నాయి. పూల్ ఎంత లోతో పక్కనే గోడ మీద రాసి ఉంటుంది. సముద్రానికి ఎవరు రాసిపెట్టారు?

చీరాల వాసి:
మేడమ్ చెప్పిన చాకిరీ సంగతి నిజం, దాని మీద నాకు వాదన లేదు. కానీ గేటు దాటొద్దు అన్న దానికి మాత్రం ఒప్పుకోలేను. మా ఊరికి వచ్చి మా ఊరు చూడకుండా వెళ్లిపోతున్నారని బాధ ఉంది, దాచుకోను. శనివారం వరుసగా కార్లు వస్తాయి, ఆదివారం మధ్యాహ్నం నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డెక్కి పోతాయి. ఆ పిల్లల్ని చీరాలలో ఏం చూశారని అడిగితే రెయిన్ డాన్స్ అంటారు.

ఇక్కడికి దగ్గర్లో ఏముందో చెప్తా. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. దేశమంతా పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే పాత తెలుగు పత్రికలు అక్కడ ఉన్నాయి. మీ అమ్మానాన్నల్ని తీసుకెళ్లండి. వాళ్లు పుట్టకముందు అచ్చయిన పత్రికను పక్కన నిలబడి చూస్తే, అందులోని సబ్బు ప్రకటన దగ్గరే అరగంట ఆగిపోతారు. మీ పాప కూడా ఆగుతుంది. ముందు ఫోన్ చేసి ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కనుక్కోండి. బయటికొచ్చాక వేటపాలెం జీడిపప్పు కొనుక్కోవచ్చు, అది వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత జాండ్రపేట, ఈపూరుపాలెం మగ్గాలు. గుంట మగ్గం ముందు మనిషి గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు. కాలితో తొక్కుతుంటే పడుగు, అంటే నిలువు దారాలు పైకీ కిందికీ విడిపోతాయి, ఆ సందులోంచి అడ్డ దారాన్ని మోసే నాడె దూసుకుపోతుంది. కుప్పడం చీరకైతే అంచుకు వేరే నాడె, చీర ఒంటికి వేరే నాడె. రెండు రంగుల దారాలూ కలిసే చోట ఒకదాన్నొకటి మెలేసుకుంటాయి. తొమ్మిదేళ్ల పిల్లకి ఇది అర్థమవుతుంది. అర్థమయ్యాక వాళ్లమ్మ చీర అంచు తిప్పి చూడకుండా ఉండదు.

ఇవన్నీ ఒక్క పూటలో అయిపోతాయి. మిగతా సమయమంతా మీ పూల్, మీ నిద్ర మీవే.

నేతింటి అమ్మాయి:
చీరాల వాసి గారూ, ఒక్క మాట. మాది మీరు చెప్పిన ఊళ్లలో ఒకటి. మా నాన్న, బాబాయి మగ్గం మీదే బతికారు. మగ్గం ఉన్నది షోరూమ్‌లో కాదు, మా ఇంట్లో. మా అమ్మ అన్నం వార్చేది కూడా అదే గదిలో ఓ మూల. కారు దిగి, చెప్పులతో లోపలికొచ్చి, వీడియో తీసి, చీర ధర అడిగి, "ఆన్‌లైన్‌లో ఇంతకంటే తక్కువ" అని వెళ్లిపోయేవాళ్లని చిన్నప్పటి నుంచి చూస్తున్నా. వాన పడి గుంటలోకి నీరు చేరితే రోజుల తరబడి పని ఆగిపోతుంది, ఆ రోజుల్లో ఎవరూ రారు. పిల్లలకి చూపించండి, వద్దనను. కానీ తెలిసినవాళ్ల ద్వారా ముందు అడిగి వెళ్లండి. ఒక తువ్వాలైనా కొనండి, బేరం ఆడకండి. పడుగు మీద చెయ్యి వెయ్యొద్దని పిల్లలకి గడప బయటే చెప్పండి. ఒక్క పోగు తెగినా వెతికి అతకడానికి టైమ్ పడుతుంది, ఆ టైమ్‌కి కూలి రాదు.

చీరాల వాసి:
ఒప్పుకుంటున్నానమ్మా. సహకార సంఘం దుకాణంలో అడిగితే ఎవరి ఇంటికి వెళ్లొచ్చో వాళ్లే చెప్తారు. అలా వెళ్లడమే పద్ధతి.

వాడరేవు కుర్రాడు:
సముద్రం గురించి నేను చెప్తా. మా తాత, మా నాన్న వేటకు వెళ్లినవాళ్లే.

తల్లి గారి భయం సరైందే. కానీ దించకపోతే పిల్లలకి సముద్రం ఎప్పటికీ తెలీదు. తెలియని పిల్లలే కాలేజీకి వచ్చాక ఫ్రెండ్స్‌తో వచ్చి గుండెల లోతుకి వెళ్లిపోతారు. చిన్నప్పుడే పెద్దవాళ్ల చేతి కింద నేర్పాలి. ఎలా అంటే:

ముందు ఒడ్డున పది నిమిషాలు నిలబడి ఊరికే చూడండి. అలలు వరసగా విరుగుతున్న చోట్ల మధ్య ఒకచోట అల విరగకుండా, నీరు చదునుగా, కొంచెం మట్టి రంగుతో కనిపిస్తుంది. కొత్తవాళ్లు ఇక్కడ అలల్లేవు, పిల్లలకి బాగుంటుందని సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి లాగేది ఆ దారినే. అక్కడ కాలు పెట్టొద్దు. ఒకవేళ లాగేస్తే ఒడ్డు వైపు ఈదడానికి పెనుగులాడితే శక్తి అయిపోయి మునుగుతారు. తేలుతూ, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. లాగుడు తగ్గాక అప్పుడు ఒడ్డుకి రావాలి. ఈత రానివాడు కాపాడతానని వెనకాలే దూకితే ఒక ప్రాణం బదులు రెండు పోతాయి.

ఐదేళ్ల బాబుకి పాదాలు తడిస్తే చాలు. పాపకి మోకాలి లోతు, అంతకు మించి వద్దు. చెయ్యి పట్టుకునేటప్పుడు వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. తడి వేళ్లు జారిపోతాయి. ఫోటో కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. గాలి నింపిన ట్యూబులు పూల్ వరకే. చలికాలం పొద్దున్నే గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది, ట్యూబుతో సహా పిల్లాడిని లోపలికి తోసేస్తుంది. తాగినవాళ్లు గుంపుగా ఉన్న చోట అసలు ఆగొద్దు.

పొద్దున్నే వెళ్తే అదృష్టం బాగుంటే అలివి వల లాగుతుంటారు. రెండు పక్కలా మనుషులు తాడు పట్టుకుని ఒడ్డు మీది నుంచే వల లాగుతారు. పాపని తాడు పట్టనిస్తారు, అడగండి. వలలో నెత్తళ్లు, కవళ్లు, పీతలు, ఒక్కోసారి జెల్లీ చేపలూ పడతాయి. జెల్లీ చేపల్ని మాత్రం ముట్టుకోనివ్వద్దు.

ఇద్దరు పిల్లల తల్లి:
తమ్ముడూ, ఇంత వివరంగా నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. రిసార్టువాళ్లు ‘సముద్ర స్నానం మీ సొంత బాధ్యత’ అని బోర్డు పెట్టి ఊరుకుంటారు. ఆ అల విరగని చోటు సంగతి బోర్డు మీద రాస్తే ఎంత బాగుండేది. మోకాలి లోతు వరకు సరే అంటాను. వేటపాలెం, జాండ్రపేట రెండూ ఒకే పూట అంటే మాత్రం సరే అనను. చిన్నవాడు మధ్యాహ్నం నిద్రపోకపోతే సాయంత్రమంతా ఏడుపే. ఏదో ఒకటి చాలు.

బాపట్ల రిటైర్డ్ మాస్టారు:
మూడోది చెప్పి ఇబ్బంది పెడుతున్నానేమో గానీ చెప్పకుండా ఉండలేను. చీరాల నుంచి చినగంజాం వైపు వెళ్తే మోటుపల్లి వస్తుంది. ఇప్పుడు చిన్న ఊరు. కాకతీయుల కాలంలో దూరదేశాల ఓడలు వచ్చే రేవు. మార్కో పోలో కూడా ఈ రేవు గురించి చెప్పాడు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకుముందు తుపానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు మొత్తం లాగేసుకునేవారు. సర్వం పోగొట్టుకున్న వర్తకుడి దగ్గర ఇక అలా తీసుకోం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని గణపతిదేవుడు రాతి మీద మాట ఇచ్చాడు.

మీరు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. మీ పిల్లలు రుద్రమదేవి పాఠం చదివే ఉంటారు. ఆమె తండ్రి ఈయనే. ఓరుగల్లులో కూర్చున్న రాజుకి సముద్రంతో ఏం పని అని పాపని అడగండి. జవాబు ఆ రాయి ముందు నిలబడి చెప్పండి. పాఠ్యపుస్తకంలో అది ఒక్క వాక్యంతో అయిపోతుంది. పిల్లలకి పాఠాలు చెప్పినవాడిగా నా అనుభవం ఏమిటంటే, ఆ వాక్యాన్ని చూపించగల చోటు దొరికినప్పుడు వదులుకోకూడదు.

మియాపూర్ నాన్న:
మాస్టారూ, మా నాన్న ఇది చదివి మోటుపల్లికి నేను వస్తాను, మీరు రాకపోయినా సరే అంటున్నారు. ఆయన, పాప ఆటోలో వెళ్లొస్తారు. బాబు అమ్మ దగ్గర పడుకుంటాడు. వేటపాలెం తిరుగు రైలుకి ముందు చూస్తాం, స్టేషన్‌కి ఎలాగూ బయల్దేరాలి కదా. మగ్గాలు ఈసారికి వద్దు, తెలిసినవాళ్లు దొరికాక వస్తాం. రాత్రి పూట బీచ్‌లో పిల్లలతో ఏం చేయొచ్చు? రిసార్ట్‌లో డీజే ఉందట.

వాడరేవు కుర్రాడు:
రాత్రి నీళ్లలోకి వద్దు, అన్నా. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుతురు, గోల ఉంటే వెనక్కి తిరిగిపోతాయి. గుడ్లలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు నడుస్తాయి. సముద్రం వైపు వెళ్లాల్సినవి రిసార్ట్ లైట్ల వైపు వచ్చి చచ్చిపోతాయి. తొమ్మిది దాటాక బీచ్ వైపు లైట్లు తీసేయమని, డీజే ఆపమని మీలాంటి గెస్టులు కౌంటర్‌లో గట్టిగా అడగాలి. మేం అడిగితే వినరు.

ఇద్దరు పిల్లల తల్లి:
తప్పకుండా అడగండి. ఇంకొకటి కూడా ఇక్కడే తేల్చండి. పొద్దున ఆరింటికి సముద్రం దగ్గర ఇద్దరు పిల్లల మణికట్లు పట్టుకునేది నాన్న, తాతయ్య. ఆ టైమ్‌కి మీ ఆవిడని లేపొద్దు.

మియాపూర్ నాన్న:
ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది. అది ముందే ఖాయమైంది అంటోంది.