సిమెంటు పొగతో గ్యాసు: పనికొచ్చేదా, దండగా?

మేళ్లచెరువు కుర్రాడు: మా చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలే. సున్నపురాయి కాలితే దాని బరువులో దాదాపు 44 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలుస్తుంది. దాన్ని పట్టి హైడ్రోజన్ కలిపి, 300–400 డిగ్రీల వేడిలో నికెల్ మీదుగా పంపితే మీథేన్ అనే మండే గ్యాసు వస్తుంది. ఫ్రాన్స్‌లో సబాటియే అనే రసాయన శాస్త్రవేత్త వందేళ్ల కిందటే చేసి చూపించాడు. జర్మనీలోని వెర్ల్టేలో ఆడి కార్ల కంపెనీ 2013లో ప్లాంటే పెట్టింది. మన దగ్గరెందుకు పెట్టరు?

మిర్యాలగూడ మిల్లు: తమ్మీ, లెక్క చూడు. కిలో మీథేన్‌కు అర కిలో హైడ్రోజన్ కావాలి. నీళ్లను విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయాలంటే 50 యూనిట్ల పైనే కరెంటు. అంటే కిలో గ్యాసుకు 25 యూనిట్లు. కాలిస్తే వచ్చే వేడి 14 యూనిట్లు! యూనిట్ ఐదు రూపాయలనుకున్నా కరెంటుకే 125. ఈ లెక్క మా నాన్న ముందు పెడితే మిల్లు తాళాలు లాక్కుంటాడు. మా బాయిలర్ ఊకతోనే నడుస్తుంది.

మేళ్లచెరువు కుర్రాడు: అన్నా, మధ్యాహ్నం మిగిలే సోలార్ కరెంటుతో చేస్తే? నిల్వ చేసినట్టూ అవుతుంది కదా.

సాగర్ హిల్‌కాలనీ: నిల్వకైతే గ్యాసెందుకు? సాగర్‌లో 100.8 మెగావాట్లవి ఏడు టర్బైన్లున్నాయి, వెనక్కి తిప్పితే కిందినుంచి నీళ్లు పైకెక్కిస్తాయి. ఈ పద్ధతిలో నూరు యూనిట్లు పెడితే 75 దాకా తిరిగొస్తాయి. గ్యాసు చేసి మళ్లీ కరెంటు తీస్తే 30 దక్కితే గొప్ప. కాకపోతే కింద నీళ్లుండాలి, అది వేరే గొడవ.

దేవరకొండ టీచర్: మీరంతా ఒకటి వదిలేశారు. వెర్ల్టేలో వాడింది సిమెంటు పొగ కాదు, పక్కనున్న బయోగ్యాస్ ప్లాంటు నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్. సిమెంటు పొగలో నైట్రోజన్, దుమ్ము, గంధకం అన్నీ ఉంటాయి. గంధకం తగిలితే నికెల్ పాడవుతుంది. గోబర్ గ్యాసులో మీథేన్ పోగా మిగిలేది చాలావరకు కార్బన్ డయాక్సైడే, గంధకం వాయువు ఉన్నా తక్కువే, తీసేయడం తేలిక. పెడితే అక్కడ చిన్నగా పెట్టాలి. నీళ్ల సంగతంటారా, కిలో గ్యాసుకు నాలుగున్నర లీటర్లు చాలు, సగం తిరిగొస్తాయి. మన ఫ్లోరైడ్ నీళ్లు మాత్రం శుద్ధి చేశాకే పోయాలి.

మిర్యాలగూడ మిల్లు: సార్, హైడ్రోజన్ ధర అక్కడైనా అంతే కదా?

దేవరకొండ టీచర్: అంతే. అది దిగేదాకా నేనూ పెట్టమనను.

మేళ్లచెరువు కుర్రాడు: మా తాత కట్టించిన గోబర్ గ్యాసు తొట్టి ఇంకా ఉంది సార్. ఇప్పుడందులో కోళ్లు పొదుగుతున్నాయి.