పాతికేళ్ళు ఒకటే డిటెక్టివ్ వేషం: డేవిడ్ సూషే ఎదిగాడా, ఆగిపోయాడా?

ప్రియంవద
డేవిడ్ సూషే 2013లో తెచ్చిన ‘ప్వారో అండ్ మీ’ ఈమధ్యే చదివాను. అగాథా క్రిస్టీ డిటెక్టివ్ ప్వారోగా బ్రిటన్ ఛానెల్ ఐటీవీలో 1989 నుంచి 2013 దాకా 70 ఎపిసోడ్లు చేసిన నటుడు. కథలు చదువుతూ ప్వారో లక్షణాలు 93 రాసుకున్నాడట. బెల్జియంవాడు, ఫ్రెంచివాడు కాదు అన్న దగ్గర్నుంచి టీలో ఎన్ని చక్కెర బిళ్ళలు వేసుకుంటాడన్న దాకా. ఛాతీలోంచి వచ్చే తన గొంతును తలలోంచి వచ్చేలా మార్చుకున్నాడు. నడక కోసం బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలివియే చెప్పిన చిట్కా పాటించాడు: పిరుదుల మధ్య నాణెం పెట్టుకుని, పడకుండా నడవడం. నటుడి పని రచయితకు సేవ చెయ్యడమే అంటాడు.

నాకో సందేహం. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో ‘ఒథెల్లో’లోని విలన్ ఇయాగో వేసినవాడు పాతికేళ్ళు ఒక్క పాత్రతో ఉండిపోవడం నటనకు మేలు చేసిందా, కీడు చేసిందా?

నిక్కచ్చి
కీడే. నాణెం పెట్టుకుని నడిస్తే నటన అయిపోతుందా? మిమిక్రీ కళాకారుడు గంటలో పాతికమందిని దించేస్తాడు, ఆయన పాతికేళ్ళకి ఒక్కణ్ణి దించాడు. లోపల ఏం జరుగుతోందో చూపించేది నటన. ఇది బయటి సామాను.

వేషగాడు
నిక్కచ్చి గారూ, బయటి సామాను అని అంత తేలిగ్గా తీసెయ్యకండి. అభినయానికి ఆంగికం (ఒళ్ళు), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) అని నాలుగు చెప్పారు మనవాళ్ళు. మొదటి మూడూ కుదరకుండా నాలుగోది పలికించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ప్వారోది చిన్న చిన్న అడుగుల వడి నడక అని క్రిస్టీయే రాసింది. అలా నడవగానే వెన్ను నిటారవుతుంది, తల పైకి లేస్తుంది, మనిషికి తనమీద తనకున్న అతిశయం కనబడుతుంది. నడకలోంచి మనసులోకి వెళ్ళాడాయన. నేను నేర్చుకున్న దారీ అదే.

ఇక ఒకటే వేషం సంగతి. పాండవోద్యోగంలో పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడి కోసం జనం రాత్రంతా కూర్చునేవారు. ఎన్నోసారి కృష్ణుడండీ అని ఎవరైనా అడిగారా? అదే పద్యం, అదే రాయబారం, ఆ రాత్రి ఏం పలుకుతుందోనని వెళ్ళేవారు. నాటకంలో సాధన అనిపించుకున్నది టీవీలోకి రాగానే ఆగిపోవడం ఎందుకవుతుంది?

చందు_96
సీఐడీలో శివాజీ సాటమ్ గారు 1998 నుంచి 2018 దాకా ఏసీపీ ప్రద్యుమన్. ఆయన్ని చూస్తే ఇంట్లో మనిషిని చూసినట్టుంటుంది. నాకది చాలు.

నిక్కచ్చి
పీసపాటి వారితో పోలిక కుదరదు. స్టేజీ మీద ఆ పూట గొంతు లేవకపోతే అక్కడే తేలిపోతుంది. కెమెరా ముందు బాగా వచ్చేదాకా తీస్తారు. పైగా క్రైమ్ సీరియల్ అచ్చు ఒకటే: ఒక శవం, అరడజనుమంది అనుమానితులు, చివర అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఉపన్యాసం. డిటెక్టివ్‌కి ఏమీ జరగదు. ఏమీ జరగని మనిషిని పాతికేళ్ళు ఆడటంలో ఎదుగుదల ఎక్కడుంది? నాణెం గురించి నేనడిగినదానికి జవాబు ఇంకా రాలేదు.

వేషగాడు
వచ్చింది. మీరు చదవలేదు.

ప్రియంవద
ఏమీ జరగలేదనడం సరికాదండీ. చివరి కథ ‘కర్టెన్’లో ప్వారో కుర్చీకి పరిమితమైన ముసలివాడు. ఆ పాత్ర కోసం సూషే బరువు తగ్గాడు. మధ్యమధ్యలో ఆయన ఖాళీగానూ లేడు. లండన్‌లోనూ బ్రాడ్‌వేలోనూ ‘అమేడియస్’ నాటకంలో సంగీతకారుడు సాలియెరీ వేశాడు. 2007లో టీవీలో పత్రికల అధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్‌గా చేసి ఇంటర్నేషనల్ ఎమ్మీ టీవీ అవార్డు తెచ్చుకున్నాడు. పాత్రలో ఇరుక్కుపోయినవాడు ఇవన్నీ ఎలా చేస్తాడు?

నన్ను కదిలించింది ఇంకోటి. ఒక్కో సిరీస్ అయ్యాక ఇంకోటి ఉంటుందో లేదో ఆయనకు తెలిసేది కాదు. మనం పాతికేళ్ళు అని ఏకమొత్తంగా చూస్తున్నాం. ఆయన బతికింది అలా కాదు.

టీవీలో షెర్లాక్ హోమ్స్ వేసిన జెరెమీ బ్రెట్‌ను కూడా తలుచుకోవాలి. 1984 నుంచి 1994 దాకా 41 ఎపిసోడ్లు. చివరి సిరీస్‌లో ఆరోగ్యం ఎంత దెబ్బతిందో తెరమీదే కనిపిస్తుంది. మరుసటి ఏడే, 61 ఏళ్ళకి పోయాడు. కాబట్టి పాత్ర అందరికీ ఒకేలా కూర్చోదు, అది ఒప్పుకుంటాను.

కల్పలత
మన దగ్గర పాత్ర అంటుకుంటే ఏం చేస్తామో చూడండి. రక్తకన్నీరు నాగభూషణం. షావుకారు జానకి. సాక్షి రంగారావు. శుభలేఖ సుధాకర్. నాటకమో సినిమానో ఏకంగా ఇంటిపేరైపోయింది. వీళ్ళలో ఒక్కరు కూడా ఆ ఒక్క వేషంతో ఆగిపోలేదు. జనం ఒక పాత్రతో గుర్తుపెట్టుకోవడం శిక్ష అని ఎందుకనుకోవాలి?

నిక్కచ్చి
ఇంటిపేరు దక్కినవాళ్ళ జాబితా ఇచ్చారు. దక్కనివాళ్ళ జాబితా ఎవరిస్తారు? ‘కర్టెన్’ విషాదం కాబట్టి దాన్ని ముందే తీయించుకుని, డెవన్‌లో క్రిస్టీ ఇల్లు గ్రీన్‌వేలో ఇంకో కథతో ఆఖరి రోజు సంతోషంగా ముగించుకున్నాడు మీ సూషే. అది అడిగే స్థానం ఎంతమందికి ఉంటుంది? కీర్తి బరువు గురించి రాసే పుస్తకాలన్నీ ఆ స్థానంలో ఉన్నవాళ్ళవే.

వేషగాడు
మొదట నాణెం తప్పన్నారు, తర్వాత కెమెరా తప్పన్నారు, ఇప్పుడు ఆయనకు పని దొరకడమే తప్పంటున్నారు. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరెప్పుడైనా ముఖానికి రంగేసుకున్నారా? వేసుకోనివాళ్ళు నటుడి సాధనను మిమిక్రీ అంటుంటే కడుపు మండుతుంది.

చందు_96
అన్నా, కొంచెం తగ్గండి ఇద్దరూ.

నిక్కచ్చి
వేసుకున్నాను. నాటకాలతో మొదలై, జరిగిన నేరాలను మళ్ళీ నటించి చూపించే ఒక టీవీ కార్యక్రమంలోకి వెళ్ళాను. మొదటిసారే హంతకుడు. ఆ తర్వాత నా ఫొటో చూస్తే చాలు, అనుమానితుడి వేషానికి పిలిచేవారు. మా లిఫ్టులో ఒకావిడ నన్ను చూసి పాపను వెనక్కి లాక్కుంది. నాకు దక్కిన గుర్తింపు అది.

సూషే 93 లక్షణాలు రాసుకున్నాడు, ఎందుకంటే ఆయన వెనక క్రిస్టీ ఉంది. నా చేతికిచ్చిన కాగితంలో పాత్రకు పేరు కూడా ఉండేది కాదు. ‘నిందితుడు’ అని ఉండేది. ఏ రచయితకు సేవ చెయ్యమంటారు?

వేషగాడు
మీకు జరిగింది అన్యాయమే. కానీ కాగితంలో లేనిది తయారుచేసుకోవడమే కదండీ మన పని? నేను చాన్నాళ్ళు భటుడి వేషాలే వేశాను. ఆ భటుడికి ఊరు పెట్టుకున్నాను, మోకాలి నొప్పి పెట్టుకున్నాను. ఎవరూ గమనించలేదు. నా ఒంటికి మాత్రం తెలుసు. అమెరికన్ నటుడు పీటర్ ఫాక్ టీవీ డిటెక్టివ్ కొలంబోకి తన సొంత రెయిన్‌కోటు తొడిగాడు. ఎదుటి నటుణ్ణి తికమకపెట్టడానికి స్క్రిప్టులో లేనివి అప్పటికప్పుడు చేసేవాడు. పేరులేని పాత్రకు పేరు పెట్టే బాధ్యత నటుడిదే.

నిక్కచ్చి
ఇదిగో, ఇక్కడ మీతో నాకు తగాదా. నాణెం దగ్గర కాదు. మీ భటుడు లేడు. కొలంబో లేడు, ప్వారో లేడు. నేను వేసిన నిందితుడు ఉన్నాడు. కోర్టులో తీర్పు కూడా రాలేదు. డైరెక్టర్ ‘చూడగానే భయమెయ్యాలి, ఏదో ఒకటి చెయ్యి’ అన్నాడు. మీరు చెప్పినట్టే తయారుచేశాను: వేళ్ళు ఒక్కొక్కటే విరుచుకునే అలవాటు పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ మనిషి ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి, మావాడికి అలాంటి అలవాటే లేదు, ఎందుకు పెట్టారు అని అడిగారట. కల్పిత కథలో సాధన అనిపించుకునేది అక్కడ బతికున్న మనిషి మీద అబద్ధపు సాక్ష్యం. అందుకే సూషేని అందరికీ ఆదర్శంగా పెట్టొద్దంటున్నాను. ఆయన విద్య కల్పనకు పనికొచ్చే విద్య. ఇవాళ క్రైమ్ డ్రామా పేరుతో వచ్చేవాటిలో ఎన్ని కల్పనలు?

ప్రియంవద
ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నేను ప్రశ్నే వేరేగా అడిగేదాన్ని. సూషే పుస్తకంలో దీనికి జవాబు లేదు. ఆయనకది ఎదురవ్వలేదు కాబట్టి. మాక్స్‌వెల్ నిజమైన మనిషే, కానీ అప్పటికి పోయి చాలాకాలమైంది, ఆయన గురించి రాసింది బోలెడుంది.

కల్పలత
నిజమైన కేసుల్లో అలవాట్లు కల్పించే తప్పు నటుడిది కాదు, ఛానెల్‌ది.

వేషగాడు
ఛానెల్‌దే అని నటుడు తప్పుకోకూడదు. తీర్పు రాని కేసని తెలిస్తే ఆ వేషం వద్దనాలి. ఒప్పుకున్నాక మాత్రం పూర్తిగా చెయ్యాలి. సగం మనసుతో చేస్తే ఎదుటి నటుడికి కూడా ద్రోహమే.

నిక్కచ్చి
వద్దంటే ఆ నెల అద్దె ఎవరిస్తారు? వద్దన్నవాణ్ణి రెండోసారి ఎవరు పిలుస్తారు? ఆ భటుడి వేషాల రోజుల్లో మీకు ఇంకో ఆదాయం ఉందా లేదా, అది చెప్పండి ముందు.

వేషగాడు
ఉంది. బడిలో ఉద్యోగం. అయినా నా మాట మారదు.