అమ్మమ్మ రజాకార్ల కథ, పిల్లలతో హైదరాబాద్ ప్రయాణం: ఎంత చెప్పాలి?

పానగల్ అమ్మ:

నమస్కారం. మాది నల్గొండ, పానగల్ వైపు. దసరా సెలవుల్లో ఒక రోజు పిల్లలను హైదరాబాద్ తీసుకుపోదామనుకుంటున్నాం. పాపకు పన్నెండేళ్లు, బాబుకు ఏడు. చార్మినార్, జూపార్క్ రెండుసార్లు అయిపోయాయి. పాపకు ఈ మధ్య చరిత్ర పిచ్చి పట్టింది, పాత సంగతులున్న చోట్లు చూపించమంటోంది. ఈసారి మా అమ్మ కూడా వస్తానంది. అసలు చిక్కు అక్కడే.

అమ్మకు ఎనభై దాటాయి. 1948లో ఇండియా సైన్యం వచ్చి నిజాం రాజ్యాన్ని కలుపుకున్న పోలీసు చర్య నాటికి ఆరేళ్ల పిల్ల. వాళ్లది సూర్యాపేట దగ్గర పల్లె. నిజాం పాలన నిలబెట్టడానికి ఆయుధాలు పట్టిన రజాకార్లు వస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా జొన్నచేలల్లో దాక్కున్న సంగతి నేను బుద్ధి తెలిసినప్పటి నుంచి వింటున్నాను. హైదరాబాద్ పేరెత్తితే చాలు, ఆమెకు అదే యాదికొస్తుంది.

మొన్న బాబు విని, "రజాకార్లంటే ముస్లింలా అమ్మమ్మా?" అన్నాడు. మా పక్కింటి పిల్లాడు వీడికి ప్రాణదోస్తు. రంజాన్ వస్తే మాకు షీర్ ఖుర్మా వాళ్లింటి నుంచే. రేపు వీడు వాడిని ఏమడుగుతాడోనని నాకు టెన్షన్. అమ్మను చెప్పొద్దనలేను, పడ్డది ఆమె. ఏం చూపించాలి, ఎంత చెప్పాలి? నడక తక్కువ ఉండాలి, అమ్మకు మోకాళ్ల నొప్పులు.

పాలమూరు సారు:

అమ్మా, నేను సోషల్ చెప్పి రిటైరైనవాణ్ని. ఈ పాఠం దగ్గరికి వస్తే నాకూ గొంతు పట్టేసేది, ఎందుకంటే క్లాసులో అందరి పిల్లలూ ఉంటారు. నేను నేర్చుకున్నది ఒక్కటే. "వాళ్లు" అనకూడదు. ఎవరు, ఏ ఊరు, ఏం చేశారు అని మనిషి పేరుతో చెప్పాలి.

ఊళ్లకు ఊళ్లు ఏలిన భూస్వామి, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఏ మతం? ఆయన మీద భూమి కోసం కోర్టుకెక్కి, చివరికి ప్రాణం పోగొట్టుకున్న కామారెడ్డిగూడెం షేక్ బందగీ ఏ మతం? ఇక షోయబుల్లాఖాన్. ఇమ్రోజ్ అని ఉర్దూ పత్రిక నడిపాడు. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో కాచిగూడ దగ్గర రజాకార్లు ఆయన చెయ్యి నరికి చంపారు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. మీ వాడికి ఆ చెయ్యి సంగతి ఇప్పుడే వద్దు గానీ, రాసినందుకు చంపారని చెప్పొచ్చు.

పాపకు ఇంకొంచెం చెప్పాలి. సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు, అందరూ సంబరపడ్డారు అని ఆపేస్తే సగమే. తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యలను విచారించడానికి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని లెక్కగట్టింది. ఎక్కువ ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. మీ పక్కింట్లో కూడా ఒక నానీ ఉంటే, ఆమె దగ్గరా ఒక కథ ఉండొచ్చు.

మిర్యాలగూడ మామ:

పండుగ పూట పిల్లలకు చావుల కథలెందుకమ్మా? ట్యాంక్‌బండ్ మీద బోటెక్కించి ఇంటికి తీసుకురా.

పానగల్ అమ్మ:

మామా, బోటెక్కినా మా అమ్మ పక్కనే కూర్చుంటుంది కదా!

దేవరకొండ తమ్ముడు:

అక్కా, పదిహేనేళ్లుగా సిటీలో ఉంటున్నా. నల్గొండ బస్సు దింపే ఎంజీబీఎస్సే మూసీ నడుమ ఉంది. దిగగానే మొదలుపెట్టొచ్చు.

ఎదురుగా ఉస్మానియా ఆసుపత్రి. ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని మీదికెక్కి నూటయాభై మందికి పైగా బతికారు. ఊళ్లో పోయినవాళ్లు సుమారు 15 వేలని అంచనా. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు ఆ వరద దెబ్బకు కట్టినవే. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేది ఈ మూసీయే అని చెప్పండి, పిల్లలకు లంకె దొరుకుతుంది. మన వైపు నురగ తప్ప ఏమీ రాదు, అది వేరే ఏడుపు. అది ఆసుపత్రి, రోగులుంటారు, ఫొటోల గోల వద్దు.

అక్కడి నుంచి ఆటోలో కోఠి. బస్టాండు దగ్గర తుర్రెబాజ్‌ఖాన్ గుర్తుగా కట్టిన స్తూపం ఉంది. 1857 జులై 17న ఈయనా, మౌల్వీ అలావుద్దీనూ జనాన్ని వెంటేసుకుని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి పోయారు. ఆ రెసిడెన్సీయే తర్వాత కోఠి మహిళా కళాశాల అయింది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. మనం "నువ్వేమన్నా తురుంఖాన్‌వా" అంటామే, అది ఈయన పేరే. ఆయన్ని చంపి ఏం చేశారన్నది చిన్నోడికి వద్దు. ఓపికుంటే అసెంబ్లీ ఎదురుగా గన్‌పార్క్ స్తూపం, 1969 తెలంగాణ ఉద్యమంలో పోయినవాళ్లది. లేకపోతే మొజంజాహి మార్కెట్‌లో ఐస్‌క్రీం తిని బస్సెక్కండి. మూడు చోట్లకు మించితే అమ్మమ్మ కూలబడుతుంది.

పానగల్ అమ్మ:

పోయొచ్చాం. అందరికీ దండాలు. పక్కింటి పిల్లాణ్ని కూడా వెంటేసుకుపోయాం, వాళ్లమ్మే పంపింది. గన్‌పార్క్ కాలేదు, ఐస్‌క్రీం అయింది.

కోఠిలో ఇద్దరు పోరగాళ్లూ నేను తురుంఖాన్ అంటే నేను తురుంఖాన్ అని రోడ్డు మీదే కొట్లాట. చింతచెట్టు కింద అమ్మ అరగంట కూర్చుంది. నోరు విప్పలేదు. పైకి చూసి, "పసిపిల్లల్ని ఎట్ల ఎక్కించిన్రో" అని మాత్రం అంది.

తిరుగు బస్సులో చౌటుప్పల్ దాటాక మొదలుపెట్టింది. అప్పటికి పోరగాళ్లిద్దరూ నిద్రపోయారు, పాపే విన్నది. ఏం తిన్నారని అడిగింది. జొన్నలో వేసిన పెసర కాయలు ఒలుచుకుని తిన్నారట, నాకే తెలియదు ఈ సంగతి. "మీ ఊరివాళ్లెవరైనా ఉన్నారా వాళ్లలో?" అంది పాప. పాలమూరు సారు చెప్పినట్టు పేర్లు అడుగుతోంది. అమ్మ చాలాసేపు కిటికీలోంచి చూసి, "ఒకడుండె. మా ఇంటికొచ్చి చల్ల తాగిపోయేటోడు" అంది. పేరు చెప్పలేదు. వాళ్ల మనవలు ఇంకా అదే ఊళ్లో ఉన్నారట.

పాప ఇప్పుడు భైరాన్‌పల్లి బురుజు చూస్తానంటోంది. 1948 ఆగస్టులో రజాకార్లు వచ్చినప్పుడు ఊరివాళ్లు దాని మీది నుంచే తిరగబడ్డారని ఎక్కడో చదివిందట. ఈసారి చిన్నోణ్ని ఇంట్లో ఉంచి మేమిద్దరమే పోతాం. చేర్యాల నుంచి బస్సు ఉంటుందా, ఆటో మాట్లాడుకోవాలా?