గొరిల్లా గ్లాస్ ఉన్న ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ వేయించాలా?

మాధవి_కొంపల్లి: మా అమ్మాయికి కొత్త ఫోన్ తీసుకున్నాం. షాపులో అబ్బాయి బిల్లు కొడుతూనే టెంపర్డ్ గ్లాస్ అతికించబోతే అమ్మాయి వద్దంది. "దీనికి కంపెనీ నుంచే గొరిల్లా గ్లాస్ విక్టస్ అనే గట్టి గాజు ఉంది, దాని మీద మళ్లీ గాజు ఎందుకు?" అని దాని వాదన. రోజూ బస్సులో కాలేజీకి పోయే పిల్ల, అంత డబ్బు పోసి కొన్న ఫోను, నాకు టెన్షన్. వాడినవాళ్లు కాస్త చెప్పండి.

శీను_మియాపూర్: నేను టెంపర్డ్ గ్లాస్ గార్డ్ లేకుండానే వాడుతున్నానండీ. తాళాలు, చిల్లర అన్నీ అదే జేబులో. ఒక్క గీత పడలేదు. ఇల్లు, మెట్రో, ఆఫీసు, అంతే నా తిరుగుడు. గార్డ్ లేకపోతే టచ్ హాయిగా ఉంటుంది.

రాజు_డెలివరీ: అన్నా, మీ ఫోన్ ఏసీలో ఉంటుంది. నాది రోజంతా బండి హోల్డర్‌లో. కోకాపేట, నార్సింగి వైపు ఎటు చూసినా టవర్లు కడుతున్నారు, టిప్పర్ పోయిందంటే దుమ్ము లేస్తుంది. మ్యాప్ కనపడక చొక్కా అంచుతో తుడుస్తాం కదా, గీతలు పడేది అక్కడే. పాత ఫోన్‌కి గార్డ్ లేదు. ఎండకు వాల్చి చూస్తే సన్నటి వెంట్రుకల్లా స్క్రీనంతా గీతలే.

బెంచ్_మెకానిక్: అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో రిపేర్ పని చేస్తాను. శీను గారు, రాజు ఇద్దరూ చెప్పింది నిజమే.

ఈ గొరిల్లా గ్లాస్‌ను సుమారు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజులోని సోడియం అయాన్లు బయటికి పోయి, వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లు ఆ చోట్లో ఇరుక్కుంటాయి. దాంతో పై పొర ఒత్తిడితో బిగుసుకుంటుంది. అంత తేలిగ్గా పగలదు. అయినా గీత పడకుండా ఉండదు. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు (1 నుంచి 10) మీద ఫోన్ గాజుకి సాధారణంగా 6 దగ్గర గీతలు మొదలవుతాయి, 7 దగ్గర లోతుగా దిగుతాయి. తాళంచెవి, నాణెం అంతకంటే మెత్తనివి కాబట్టి శీను గారి ఫోన్ బాగుంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం అదే స్కేలు మీద 7. మన ఊరు కూర్చున్నదే గ్రానైట్ మీద, ఆ రాయిలో క్వార్ట్జ్ ఉంటుంది. పునాదుల కోసం రాయి కొట్టినప్పుడు లేచే దుమ్ములోనూ అదే. ఆ దుమ్ము మీద పొడిబట్ట పెట్టి రుద్దితే ఏ గాజూ ఆగదు.

పైగా గీత చూడ్డానికి బాగోకపోవడమే కాదు, ఫోన్ కింద పడితే పగులు చాలాసార్లు ఆ గీత దగ్గరే మొదలవుతుంది.

"గార్డ్ పగిలి స్క్రీన్‌ను కాపాడింది" అని చాలామంది అంటారు. గార్డ్ మందం మిల్లీమీటరులో మూడో వంతు, దాని అంచు ఊరికే పగులుతుంది. అది పగిలినంత మాత్రాన లోపలి గాజు కూడా పగిలేదని కాదు. మూల కాంక్రీటుకి తగిలితే గార్డ్ ఆపలేదు, దానికి అంచు ఎత్తుగా ఉన్న బ్యాక్ కవర్ కావాలి. గట్టిదనం గుర్తుగా ప్యాకెట్ మీద రాసే 9హెచ్ చూసి కూడా మోసపోకండి, అది పెన్సిల్‌తో చేసే పరీక్ష, మోస్ స్కేలు కాదు.

సునీత_తార్నాక: వంపు స్క్రీన్ వాళ్లు జాగ్రత్త. మాకు యూవీ లైటుతో గట్టిపడే జిగురు పోసి అతికించే గ్లాస్ వేశారు, జిగురు ఇయర్‌పీస్‌లోకి దిగి అవతలి మాట వినపడడం మానేసింది. వేసిన షాపువాళ్లు తమకు సంబంధం లేదన్నారు.

బెంచ్_మెకానిక్: సునీత గారూ, జిగురు పోసే ముందే ఇయర్‌పీస్, స్పీకర్ జాలీలకు టేపు వేయాలి. వంపు స్క్రీన్‌కి నేనైతే మెత్తటి టీపీయూ ప్లాస్టిక్ ఫిల్మ్ వేస్తాను.

కిరణ్_ఈసీఐఎల్: గెలాక్సీ ఎస్24 అల్ట్రా లాంటివి ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. 2024లో ఆ ఫోన్‌తో వచ్చిన గొరిల్లా ఆర్మర్ అనే గాజు ప్రతిబింబాలను 75 శాతం దాకా తగ్గిస్తుందని కంపెనీ చెప్పింది. దానిమీద మామూలు గార్డ్ వేస్తే ఎండలో మళ్లీ మన మొహమే కనిపిస్తుంది. అంత పెట్టి కొన్న సౌకర్యాన్ని కప్పేయడం నాకు నచ్చదు.

మాధవి_కొంపల్లి: మాది ఫ్లాట్ స్క్రీనే. కాలేజీ పక్కనే ఫ్లైఓవర్ పని కూడా నడుస్తోంది. మెకానిక్ గారు చెప్పిన దుమ్ము సంగతి చదివి అమ్మాయి కూడా సరేనంది. వేయించేటప్పుడు ఏం చూసుకోమంటారు?

బెంచ్_మెకానిక్: ఫ్యాన్ కింద వేయనివ్వకండి మేడమ్, దుమ్ము ఎగిరొచ్చి పడుతుంది. తడి వైప్‌తో తుడిచి, పొడిబట్టతో తడి లేకుండా చేసి, చివర్లో స్టిక్కర్‌తో అద్ది మిగిలిన నలుసు తీయాలి. గాలిబుడగ అయితే వేలితో నొక్కితే పోతుంది, నలుసు ఉంటే మాత్రం ఎంత నొక్కినా చుట్టూ తెల్లమచ్చ అలాగే ఉంటుంది. అప్పుడు ఎత్తి మళ్లీ వేయమనండి. స్క్రీన్ కింద వేలిముద్ర సెన్సర్ ఉంటే పాత ముద్ర తీసేసి, గార్డ్ వేశాక కొత్తగా ఎక్కించండి. బ్యాక్ కవర్ కూడా అప్పుడే తొడిగి చూడండి, కొన్ని కవర్లు గార్డ్ అంచును పైకి లేపేస్తాయి.